ఎలక్ట్రానుల జమాఖర్చు

బైలదిలా కొండలకు ఆ పేరు ఎద్దు మూపురాన్ని పోలిన శిఖరాల వలన వచ్చిందని మనలో చాలామంది ఎరిగినదే. 1968లో కిరండూల్‌లోను, 1977లో బచేలిలోను గనులు పని ప్రారంభించిన నాటి నుండి ఈ కొండల ఇనుపరాయి రైలు మార్గాన తూర్పు కనుమలు దాటి విశాఖ రేవుకు చేరుతున్నది. ఆ మార్గాన్నే ఎదురు దిశలో ఎన్నో తెలుగు కుటుంబాలు ఇక్కడికి వచ్చి స్థిరపడ్డాయి. రాతిని గురించి, యంత్రాలను గురించి మన పత్రికలో తరచు చదువుతూనే ఉంటాము. ఈ వ్యాసంలో మేము ముచ్చటించదలచినది వేరొక విషయం. ఆదివారాలలో రెండేసి గంటలు పదకొండు, పన్నెండు తరగతుల విద్యార్థులకు రసాయనశాస్త్ర లెక్కలలో తోడ్పడుతూ మేము గ్రహించిన సంగతులు కొన్ని మిత్రులతో పంచుకోవాలని మా కోరిక.

మా వద్దకు వచ్చేవారిలో టౌన్‌షిప్ పిల్లలు కొందరు, వసతి గృహాలలో ఉండి చదువుకునే గ్రామాల పిల్లలు కొందరు. టౌన్‌షిప్ పిల్లలకు మా సహాయం లేకపోయినా గడుస్తుంది. వసతి గృహాల పిల్లల సంగతి అట్లా కాదు. ఇంట్లో గోండి లేక హల్బీ, బడిలో హిందీ, పై చదువులలో ఇంగ్లీషు. తమ ఇంట పన్నెండవ తరగతి దాకా వచ్చిన మొదటివారు వీరిలో అనేకులు. రసాయనశాస్త్రం తప్పితే నర్సింగ్, ఫార్మసీ, ఇంజనీరింగ్ ద్వారాలన్నీ ఒక్కమారే మూసుకుపోతాయి. మరొక ఏడాది కూర్చోబెట్టి చదివించే స్తోమత ఆ ఇళ్ళకు ఉండదు. మార్చి నెల పరీక్ష వారికి ఎంత బరువో చెప్పనక్కరలేదు.

వీరికి లెక్కలు రావని కొందరు అంటారు. అది నిజం కాదని మా అనుభవం. గుణకారాలు, భాగహారాలు చక్కగానే చేస్తారు. దేనితో దేనిని భాగించాలో, ఎందుకు భాగించాలో తెలియక ఆగిపోతారు. ఆ ‘ఎందుకు’ను విప్పడమే మా పని అని మొదటి నుండి నియమం పెట్టుకున్నాము. సమాధానం మేము చెప్పము. సుద్దముక్క విద్యార్థి చేతిలోనే ఉంటుంది.

మొదటి అడ్డంకి మాటలలోనే ఉన్నది. ఆక్సీకరణానికి హిందీ పుస్తకాలలో ‘ఉపచయన్’ అని, క్షయకరణానికి ‘అపచయన్’ అని పేర్లు. తేడా మొదటి అక్షరంలో మాత్రమే. పరీక్ష గదిలో ఒకటి మరొకటిగా మారిపోవడం వింత కాదు. తెలుగులో చదివినవారికి ఆ చిక్కు లేదు కాని మరొకటి ఉన్నది. ఎలక్ట్రానులను గ్రహించడాన్ని క్షయం అనడమెందుకు? రాబడిని నష్టమని పిలుస్తామా?

ఈ ప్రశ్నకు సమాధానం మా కిటికీ ఎదుటి కొండలోనే దొరికింది. బైలదిలా రాయి ప్రధానంగా హెమటైట్, అనగా రెండు ఇనుము పరమాణువులు, మూడు ఆక్సిజన్ పరమాణువులు కలిసిన ఆక్సైడ్. 159.7 కిలోల శుద్ధ హెమటైట్ కొలిమిలో కార్బన్ మోనాక్సైడ్‌కు తన ఆక్సిజన్‌ను ధారపోసి 111.7 కిలోల ఇనుముగా మిగులుతుంది. 48 కిలోలు తగ్గిపోయాయి. క్షయకరణమనే భావన ముడిరాతి నుండి లోహం తీసేవారి వాడుకలో పుట్టినది. ఎలక్ట్రాను ఉనికి తెలిసిన 1897కు అది ఎంతో ముందటిది. కనుక క్షయం అనగా తూకంలో ఈ తరుగు అని గుర్తు పెట్టుకుంటే చాలు. రాయి లోహమైతే క్షయకరణం, లోహం మరల రాయి వంటిదైతే ఆక్సీకరణం. తుప్పు పట్టిన మేకును చేతిలో పెడితే రెండవది మరి చెప్పనక్కరలేదు.

పిమ్మట జమాఖర్చు వేయిస్తాము. హెమటైట్‌లో ఇనుము ఆక్సీకరణ సంఖ్య మూడు, లోహంలో సున్న. ఒక్కొక్క పరమాణువు మూడేసి ఎలక్ట్రానుల చొప్పున రెండూ కలిసి ఆరు పుచ్చుకున్నాయి. కార్బన్ రెండు నుండి నాలుగుకు పోయింది. మూడు కార్బన్ పరమాణువులు రెండేసి చొప్పున ఆరు ఇచ్చాయి. ఒక కుర్రవాడు ఈ లెక్కను పెదవుల చాటున గోండి భాషలో కట్టుతూ ఉండగా విన్నాము. రండ్, ముండ్, నాలుంగ్! మన రెండు, మూడు, నాలుగుకు ఎంత దగ్గరి చుట్టాలు! గట్టిగానే లెక్కించమని అతనిని ప్రోత్సహించాము. ఆ నాటి నుండి మా తరగతిలో ఎలక్ట్రానులను ఏ భాషలోనైనా లెక్కించవచ్చు.

ఇదే రాతితో మరొక లెక్క ఇస్తాము. ముడిరాతిలో ఇనుము 65 శాతం ఉంటే, ఆ ఇనుమంతా హెమటైట్ రూపంలోనే ఉన్నదనుకుంటే, హెమటైట్ ఎంత శాతం? శుద్ధ హెమటైట్‌లో ఇనుము 69.9 శాతం కనుక సుమారు 93 శాతం అని తేలుతుంది. మిగిలిన ఏడు ఏమిటని పిల్లలే అడుగుతారు. సిలికా, అల్యూమినా మాటలు వారికి ఆ విధంగా పరిచయమవుతాయి.

విద్యుద్విశ్లేషణంలో అందరూ తడబడే చోటు ఒకటి ఉన్నది. మైలుతుత్తం ద్రావణంలో 5 ఆంపియర్ల విద్యుత్తును అరగంట పంపితే ఎంత రాగి చేరుతుంది? అయిదును 1800 సెకండ్లతో గుణిస్తే 9000 కూలుంబులు. దానిని 96,500తో భాగిస్తే 0.0933 మోలు. ఇక్కడి దాకా ఎవరూ తప్పరు. వెంటనే దానిని 63.5తో గుణించి చేతులు దులుపుకుంటారు. అప్పుడు మేము అడిగే ప్రశ్న ఒక్కటే: ‘ఈ 0.0933 మోలు దేనిది?’ రాగిదని కొందరు అంటారు. కొంత నిశ్శబ్దం తరువాత ఎవరో ఒకరు ‘ఎలక్ట్రానులది, సార్’ అంటారు. రాగి అయాను ఒక్కొక్కటి రెండు ఎలక్ట్రానులను పుచ్చుకుంటుంది కనుక రాగి అందులో సగమే, 2.96 గ్రాములు. అదే విద్యుత్తు వెండి ద్రావణంలో పోతే వెండి అయానుకు ఒక్క ఎలక్ట్రాను చాలు కనుక 10.07 గ్రాముల వెండి. ఫారడే 1834లో ప్రకటించిన నియమాల సారం ఇంతే. సూత్రం మరచినా దీనిని మరువరు.

ఆనోడు ధనధ్రువమా, ఋణధ్రువమా అన్నది మరొక తగవు. విద్యుద్విశ్లేషణంలో అది ధనధ్రువం. బ్యాటరీ వంటి ఘటంలో ఋణధ్రువం. గుర్తులను నమ్ముకున్నవారు తప్పక పొరబడతారు. ఆక్సీకరణం ఎక్కడ జరిగితే అదే ఆనోడు, ఎన్నడూ మారదు అని పట్టుకున్నవారికి భయం లేదు.

ఘటాల పాఠానికి ఖరీదయిన పరికరాలు వెదకలేదు. బస్తర్‌లో చింతపండుకు కొదువ లేదు. చింతపండు నీటిలో పాత టార్చి సెల్లు నుండి తీసిన జింకు పెంకు ఒకవైపు, రాగితీగ మరొకవైపు ఉంచి వోల్టుమీటరు తగిలించాము. ముల్లు ఒక వోల్టు దరిదాపులకు పోయి నిలిచింది. పిల్లలందరూ సంతోషించారు. ఏనాడూ నోరు విప్పని ఒక బాలిక మాత్రం పుస్తకం తెరిచి చూసి లేచి నిలుచున్నది. ‘పుస్తకంలో జింకు-రాగి ఘటానికి 1.10 వోల్టులని ఉన్నది. అక్కడ రాగి అయానులు ఎలక్ట్రానులను పుచ్చుకుంటాయి. ఈ చింతపండు నీటిలో రాగి అయానులు లేవు కదా! మరి రాగితీగ వద్ద పుచ్చుకునేది ఎవరు?’

ఇంజనీరింగ్ పట్టాలున్న మేము ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాము. అంత మంచి ప్రశ్న ఆ గదిలో అంతకు మునుపు పుట్టలేదు. జవాబు తెలిసినా మేము చెప్పలేదు. పులుపులో ఏమున్నది, నీటిలో కరిగి ఏమున్నది అని మాత్రమే అడిగాము. ఆమ్లంలోని హైడ్రోజన్ అయానులని ఒకరు, నీటిలో కరిగిన ఆక్సిజన్ అని మరొకరు, వచ్చే ఆదివారం నాటికి తామే తేల్చుకుని వచ్చారు. ఆ బాలిక మరునాటి నుండి ముందు వరుసలో కూర్చుంటున్నది.

పాఠంలోని ఈ ఎలక్ట్రానులే మన గనులలోనూ పని చేస్తున్నవి. లెడ్-ఆమ్ల బ్యాటరీ విద్యుత్తు ఇస్తున్నకొద్దీ రెండు పలకలూ లెడ్ సల్ఫేటుగా మారుతాయి, ఆమ్లం పలుచబడుతుంది. హైడ్రోమీటరులో సుమారు 1.28 ఉండవలసిన సాంద్రత ఎందుకు దిగిపోతుందో చూసిన విద్యార్థి ఆ సమీకరణాన్ని కంఠస్థం చేయనక్కరలేదు. ఇనుపరేకుకు జింకు పూత ఎందుకు పూస్తారో, పూత గీసుకుపోయినా ఇనుము కొంతకాలం ఎట్లా నిలుస్తుందో తెలుసుకుంటే ప్రమాణ పొటెన్షియల్ పట్టిక సజీవమవుతుంది. జింకుకు మైనస్ 0.76, ఇనుముకు మైనస్ 0.44. ఎవరు ముందుగా ఇస్తారో ఆ అంకెలే చెబుతాయి.

బస్తర్‌లో ఇనుము కొత్త విషయం కాదు. కొండగావ్ ప్రాంతపు కమ్మరుల ఇనుప శిల్పాలు, ఘడ్వాల ఢోక్రా పోతబొమ్మలు దేశమంతటా పేరు పొందినవే. జగదల్పూర్ సమీపంలోని నగర్నార్ ఉక్కు కర్మాగారం 2023లో ఉత్పత్తి ప్రారంభించింది. ఈ నేల రాయి ఈ నేల మీదనే ఉక్కుగా మారే రోజులు వచ్చాయి. ఆ కర్మాగారాల ప్రయోగశాలలలో నమూనాలు పరీక్షించే చేతులు కూడ ఈ నేలవే కావాలంటే, పన్నెండవ తరగతి రసాయనశాస్త్రమనే చిన్న వాగును ఈ పిల్లలు దాటవలసి ఉన్నది.

దాటించడానికి మహా పాండిత్యం అక్కరలేదు. మనమందరం ఒకనాడు చదివినదే. సమాధానం నాలుక చివర ఉన్నా ఒక నిమిషం ఆగగల ఓర్పు, ‘ఇది దేనిది?’ అని అడిగే అలవాటు ఉంటే చాలు. పరీక్షలకు ఇంకా కొన్ని ఆదివారాలు మిగిలి ఉన్నవి. కుర్చీలు కూడ ఖాళీగా ఉన్నవి. సహోద్యోగులు వీలు చేసుకుని రాగలరని ఆశిస్తున్నాము.