మూడవ తీగ

సంచికకు వ్యాసము కావలెనని సంపాదకవర్గమువారు అడిగినప్పుడు మేము ఉమర్ ఆలీషా కవిగారిని గూర్చి వ్రాయుదమని అనుకొన్నాము. 1885లో జన్మించి 1945లో గతించిన ఆ పిఠాపురపు కవిని గురించి మా సిద్ధాంత వ్యాసములో ఒక అధ్యాయమే ఉన్నది. దానిని కొంత కుదించి ఇచ్చివేసినచో పని తీరిపోవును. కాని ఆ అధ్యాయము నెల పదునైదు దినములపాటు మా చేతికి రాకుండ ఒక పెట్టెలో చిక్కుకొని పోయినది. ఆ పెట్టె మా ల్యాప్‌టాప్. దానిని మూసివేసినది గోరంత లోహపు రంధ్రము. కావున ఈ యేడు కవిగారిని విడిచి ఆ రంధ్రమును గూర్చియే వ్రాయుచున్నాము. విద్యార్థులు క్షమింతురు గాక. కమిటీ పెద్దలు దయచేసి కడదాక చదువుదురు గాక.

ఆ ల్యాప్‌టాప్ 2016లో కొన్నది. కాంట్రాక్టు ఉపన్యాసకునిగా చేరిన తొలి యేట జీతములో కొంత కొంత మిగిల్చి కొన్నాము. కంపెనీ పేరుతో పని లేదు; తప్పు దానిది కాదు. చార్జరు తీగ గదికి అడ్డముగా పడియుండును. ఒకనాడు ఫజ్ర్ నమాజుకు లేచిన అమ్మీ కాలికి అది తగిలినది. అమ్మీకి దెబ్బ తగలలేదు, అది మా అదృష్టము. ల్యాప్‌టాప్ కూడ బల్ల మీది నుండి పడలేదు. తీగ చివరి గుండ్రని ముక్కు మాత్రము లోపల ఒక్క కుదుపు కుదిపినది.

నాటి నుండి అది వంకర పట్టినది. ముక్కును ఒక పక్కకు వంచి పట్టుకొన్నచో దీపము వెలుగును, విడిచినచో ఆరును. మొదట కాగితము మడిచి కింద పెట్టినాము. తరువాత శబ్దరత్నాకరమును ఆనించినాము. ఆ నిఘంటువు మాకు ఇన్నేండ్లలో చేసిన ఉపకారములలో ఇదొకటి. కాని అట్లు నెట్టుకొని వచ్చుటయే పెద్ద తప్పని తరువాత తెలిసినది. లోహము లోహమును గట్టిగా తాకనప్పుడు ఆ చోట నిరోధము పెరుగును. నిరోధము పెరిగిన చోట వేడి పుట్టును. వేడికి చుట్టునున్న ప్లాస్టిక్కు మెత్తబడి పట్టు ఇంకను వదులగును. అట్లు అట్లు ఒకనాటి రాత్రి దీపము ఆరినది, ఎంత వంచినను మరల రాలేదు.

పట్టణములో ఒక దుకాణమునకు తీసికొనిపోయినాము. అక్కడివారు మూత కూడ విప్పలేదు. ఒక మారు చార్జరు గుచ్చి చూచి, "మదర్‌బోర్డు పోయింది, 8,500 అవుతుంది, ఇంత పాతదానికి ఎందుకండీ, కొత్తది తీసుకోండి" అన్నారు. విశ్వవిద్యాలయము మాకిచ్చిన గడువు అప్పటికి రెండు నెలలు మాత్రమే మిగిలినది. పాత పత్రికలను గ్రంథాలయములలో కూర్చుండి ఫోనుతో తీసిన పద్నాలుగు వందల చిత్రములు, టైపు చేసిన రెండు వందల పుటలు, అన్నియు దానిలోనే ఉన్నవి. నకలు తీసి వేరొక చోట ఉంచలేదా అని అడుగబోకుడు. విద్యార్థులకు ప్రతి యేడు చెప్పుదుము గాని మేము ఉంచలేదు.

ఈ బాధ స్టాఫ్ రూములో సహోద్యోగులతో చెప్పుకొనుచుండగా గుమ్మము దగ్గర ఒక విద్యార్థి నిలిచియుండెను. పేరు వ్రాయవద్దని కోరినాడు, వ్రాయము. రెండవ సంవత్సరపు బి.కాం. కడపటి బెంచీ. మా తరగతిలో వాని ముఖము కంటె వాని నడినెత్తియే మాకు ఎక్కువ పరిచయము, ఏలయన తల బల్ల మీద వాల్చి నిద్రపోవుచుండును. ఆ మునుపటి మాసములోనే అందరి యెదుట వానిని లేపి, "నిద్రపోవుటకు ఇంటిలో చోటు లేదా?" అని అడిగియుంటిమి. తరగతి నవ్వినది. వాడు మాత్రము నవ్వలేదు, బదులు చెప్పలేదు.

వాడు గుమ్మము దగ్గర నుండియే అడిగినాడు: "సర్, లైటు వెలిగి ఆరి వెలిగి ఆరి పోయిందా, లేక ఒక్కసారే పోయిందా?"

8,500 చెప్పిన దుకాణదారు అడుగని ప్రశ్న ఇది. మేమిద్దరము మాటలాడుకొన్నది మన ఇండ్లలోని దక్కనీలోనే. దానిని ఇక్కడ తెలుగు చేసి వ్రాయుచున్నాము. మరునాడు వాడు జేబులో మల్టీమీటరు పెట్టుకొని వచ్చినాడు. చార్జరు ముక్కు లోపల ఒక సూదిని, వెలుపలి అంచున ఒక సూదిని తాకించినాడు. అంకెలు నిలిచినవి: 19.5. "చార్జర్ ఠీక్ ఉంది సర్. బోర్డు కూడ బాగే ఉండవచ్చు. నడుమ జాక్ విరిగింది." గోడ మీది 230 వోల్టుల విద్యుత్తును చార్జరు 19.5 వోల్టులకు దించి పంపును. దానిని లోపలికి తీసికొను వాకిలియే ఆ జాక్. వాకిలి కూలినంత మాత్రమున ఇల్లు కూలినట్లు కాదు గదా. మా పుటలు ఏమగునని మేము ఆత్రుతగా అడుగగా, "దీపం ఆరితే పుస్తకం కాలిపోదు సర్" అన్నాడు. ఆనాటి రాత్రి మాకు నిద్ర పట్టినది.

వాడు కొండారెడ్డి బురుజు సమీపమున ఒక చిన్న రిపేరు దుకాణములో సాయంకాలము నుండి పని చేయుచున్నాడని అప్పుడే తెలిసినది. జాక్ కర్నూలులో దొరకలేదు. సికింద్రాబాదులోని చెనాయ్ ట్రేడ్ సెంటరుకు ఫోను చేసి, మోడలు సంఖ్య చెప్పి, బస్సు పార్సెలులో తెప్పించినాడు. వెల 350 రూపాయలు. చిటికెన వ్రేలంత నల్లని ముక్క, దాని వెనుక జానెడు తీగల కట్ట, ఆ కట్ట చివర ఒక తెల్లని కనెక్టరు. దానిని చూచి వాడు సంతోషించినాడు. కొన్ని మోడళ్లలో జాక్‌ను నేరుగా బోర్డుకే సోల్డరు చేసియుందురట. సీసము కలిసిన పాత సోల్డరు 183 డిగ్రీలకే కరుగును. 2006 జూలై నుండి ఐరోపా దేశములు సీసమును కట్టడి చేసిన పిదప వాడుకలోనికి వచ్చిన తగరము, వెండి, రాగి మిశ్రమమునకు 217 డిగ్రీలు కావలెను. అదియును గాక బోర్డులోని విశాలమైన రాగి పొర వేడినంతయు పీల్చుకొనును. తొందరపడి లాగినచో బోర్డు మీది రాగి గీత ఊడివచ్చును. "మీది కేబుల్ జాక్ సర్, విప్పి గుచ్చడమే. మీరే చేయవచ్చు" అన్నాడు.

మీరే అనుమాట మాకు కొంత భయము కలిగించినది. మా అబ్బా దర్జీ. శుక్రవారము దుకాణము మూసి, కుట్టు మిషనును విప్పి, నూనె వేసి, మరల బిగించుట ఆయన ఆచారము. తెల్లని గుడ్డముక్క మీద స్క్రూలు వరుసగా పేర్చును. ఏది ముందు విప్పెనో అది ఎడమ కొసన ఉండును. మేము చేయి చాచినచో, "నక్కో బేటా, చేతులు నల్లబడును, పోయి చదువుకో" అనెడివారు. ఆ ఆజ్ఞను మేము ముప్పది యేండ్లు పాలించినాము. ఎం.ఏ. పట్టా వచ్చినది, బల్బు మార్చుట రాదు.

ఆదివారము అసర్ తరువాత మా ఇంటిలో పని మొదలైనది. ఆ ల్యాప్‌టాప్ తయారుచేసినవారే మరమ్మతు పుస్తకమును ఇంటర్నెట్టులో ఉచితముగా ఉంచినారు. దానిని ఫోనులో పెట్టుకొని చదువుట మా వంతు. మన దేశములో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జూలైలో మరమ్మతు హక్కును గూర్చి ఒక కమిటీ వేసినది, అదే యేడు డిసెంబరు 24న అట్టి పుస్తకముల ఆచూకీ తెలుపు పోర్టలు తెరచినది. మా శిష్యునికి ఆ సంగతి తెలియదు. పుస్తకము కూడ వానికి అవసరము లేకపోయినది. మేము ఒక వాక్యము చదువులోపల వాని వ్రేలు ఆ చోటికి పోయి నిలుచుచుండెను.

చార్జరు తీసినాము. వెనుక గొళ్లెములు జరిపి బ్యాటరీ ఊడదీసినాము. లోపల మిగిలిన విద్యుత్తు పోవుటకు పవర్ బటనును కొంతసేపు నొక్కి పట్టుకొమ్మన్నాడు. ఒంటి మీది స్థిరవిద్యుత్తు బోర్డుకు హాని చేయునని మమ్ము పెరటిలోని ఇనుప కుళాయిని ముట్టి రమ్మన్నాడు. ఆ పిదప ఒక తెల్ల కాగితము మీద ల్యాప్‌టాప్ అడుగుభాగపు బొమ్మ గీసి, విప్పిన ప్రతి స్క్రూను దాని స్థానములోనే టేపుతో అతికించుమన్నాడు. స్క్రూలన్నియు ఒక్క పొడవు కావు. పొట్టి స్క్రూ చోట పొడుగుది బిగించినచో అది లోపలి బోర్డును గీరి చంపును. మేము అతికించుచు ఎడమ నుండి వరుస పెట్టుచున్నామని కొంతసేపటికి గాని గమనించలేదు.

కీబోర్డు కొక్కెములను పాత ఏ.టి.ఎం. కార్డుతో లేవదీయవలెను. మా చేయి వణికినది. "హల్లు సర్, హల్లు" అని వాడు. టప్పుమని చప్పుడైనప్పుడు విరిగినదనుకొని మేము కన్నులు మూసుకొన్నాము. అది కొక్కెము విడిన చప్పుడట. కీబోర్డు కింద కాగితమంత పలుచని రిబ్బను తీగ ఉన్నది. దానిని లాగరాదు. దాని నోటి మీది నల్లని రెప్పను గోటితో ఎత్తినచో అదియే వదలును. దాని పిదప మరికొన్ని స్క్రూలు, పైమూత, ఎడమవైపు తెర కీలు. కీలు మూడు స్క్రూలు వదులు చేసి ఎత్తగా, దాని కింద మా జాక్ కనబడినది. ప్లాస్టిక్కు ఒకవైపు పగిలి, మాడి నల్లబడి, నడుమ గొట్టము దంతము కదలినట్లు కదలుచున్నది. అమ్మీ కూడ వచ్చి చూచి, "ఇంతదా, ఇంత రచ్చ చేసినది?" అన్నది.

కొత్తదానిని పెట్టి, తీగలను పాత దారిలోనే నడిపి, కనెక్టరు గుచ్చినాము. మిగిలిన పనికి పుస్తకము ఒక్క వాక్యమే చెప్పినది: విప్పిన క్రమమునకు విలోమ క్రమమున బిగింపుడు. మన సంచికను తెలుగువారు ఒకవైపు నుండి, ఉర్దూవారు మరొకవైపు నుండి తెరచినట్లు మేము ఆ పుటలను వెనుక నుండి చదువుకొనుచు వచ్చినాము. మగ్‌రిబ్ వేళకు మూత పడినది. చార్జరు గుచ్చగానే దీపము వెలిగినది. అమ్మీ మాషా అల్లాహ్ అన్నది.

కాని తెర మీద ఒక హెచ్చరిక వచ్చినది: చార్జరు ఏ రకముదో తెలియలేదని. యంత్రము నడచుచున్నది గాని కడు మెల్లగా నడచుచున్నది. బ్యాటరీ నిండుట లేదు. విద్యుత్తు వచ్చుచుండగా ఇదేమని మేము విస్తుపోయినాము. వాడు చార్జరు ముక్కు నడుమనున్న సన్నని సూదిని చూపినాడు. బలము వచ్చునది లోపలి గొట్టము నుండి, తిరిగిపోవునది వెలుపలి గొట్టము నుండి. ఆ నడిమి సూదికి చేరిన మూడవ తీగలో బలమేమియు రాదు. చార్జరులోని ఒక చిన్న చిప్పు దాని ద్వారా తాను ఎవరో, ఎన్ని వాట్లదో చెప్పుకొనును. ఆ మాట వినబడనిచో 65 వాట్లు వచ్చుచున్నను యంత్రము నమ్మదు, బ్యాటరీని ముట్టనీయదు.

మేము కొంచెము సేపు మాటలాడలేదు. మా తొలి యింటర్వ్యూలో విషయమును గూర్చిన ప్రశ్నలు పూర్తియైన పిదప కూడ ఒక పెద్దమనిషి మా దరఖాస్తును మరల చూచి, "మీరు తెలుగే చెబుతారా?" అని అడిగినారు. అది గుర్తుకు వచ్చినది. ఇక్కడ దానితో పని లేదు.

"కనెక్టర్ పూర్తిగా కూర్చోలేదు సర్. మళ్లీ విప్పుదాం" అన్నాడు వాడు, ఏమాత్రము విసుగు లేకుండ. రెండవసారి మా చేయి వణకలేదు. విప్పుచు, మాట కోసము, దుకాణము ఎన్ని గంటలకు మూయుదురని అడిగినాము. పదకొండు అన్నాడు. ఇంటికి పోయి వెంటనే పడుకొందువా అన్నాము. ఇంటిలో ఆరుగురమనియు, ఉన్నది ఒకటే గది అనియు, చెల్లెలు ఇంటర్ పరీక్షలకు ఒంటిగంట దాక చదువుచున్నదనియు, అంతవరకు తాను వెలుపల మెట్ల మీద కూర్చుండుననియు చెప్పినాడు. మామూలు మాటవలెనే చెప్పినాడు. మేము తరగతిలో అడిగిన ప్రశ్నకు అది జవాబని వానికి తోచెనో లేదో మాకు తెలియదు. మాకు తోచినది. స్క్రూ ఒకటి చేతి నుండి జారి మంచము కిందికి పోయినది. దానిని వెదకు నెపమున కొంతసేపు తల వంచుకొని ఉంటిమి.

కనెక్టరు ఒక మూల వెంట్రుకవాసి పైకి లేచియున్నది. వ్రేలితో అదిమినాడు. ఈసారి హెచ్చరిక రాలేదు. ఆలీషా కవిగారి అధ్యాయము తెర మీద నిలిచినది. కూలి తీసికొమ్మనగా వాడు 350 మాత్రమే లెక్క పెట్టుకొని తీసికొన్నాడు. చాయ్, రెండు ఉస్మానియా బిస్కట్లు కాదనలేదు. ఇంత చేసినను ఒక స్క్రూ మిగిలినది. ఎక్కడిదో కాగితము మీద బొమ్మ కూడ చెప్పలేకపోయినది. "ఒకటి మిగిలితే ఫరవాలేదు సర్. రెండు మిగిలితే విప్పాలి" అన్నాడు.

సోమవారము హాజరు పట్టీ తెరచి చూచినాము. వానికి 68 శాతము. పరీక్షకు కావలసినది 75. ఆ తక్కువను మన్నింపుడని కోరుటకు ఒక దరఖాస్తు ఉన్నది. దాని మీద తరగతి ఉపన్యాసకుని సిఫారసు ఉండవలెను, పిదప అది కమిటీవారి యెదుటికి పోవలెను. కారణము అను గడిలో అనారోగ్యము అని వ్రాసి వైద్యుని పత్రము జతపరచుట అందరికిని తెలిసిన ఆచారము. వాడును అట్లే వ్రాసి తెచ్చినాడు. మేము మరొక కాగితము తెప్పించి, ఆ గడిలో "రాత్రి పదకొండు గంటల వరకు ఉద్యోగము" అని మా చేతితో వ్రాసి, సంతకము చేసి పంపినాము. వైద్యుని పత్రము జతపరచలేదు.