ముక్కులో కండ

మా చిన్నాడికి తొమ్మిదేళ్లు. పోయిన చలికాలమంతా నోరు తెరుచుకునే పడుకున్నాడు, పెద్దవాళ్లలా గురక. టార్చి వేసి చూస్తే ముక్కులో రెండు వైపులా ఎర్రటి ముద్దలు. "కండ పెరిగిందే అమ్మాయ్, కోయించాల్సిందే" అన్నారు అత్తయ్యగారు. ఆ రాత్రి నాకు నిద్ర లేదు.

మర్నాడు మా పటమటలోనే ముక్కు డాక్టరుగారికి చూపించాం. అది కండ కాదట. అందరి ముక్కులో ఉండే మడతే, ఎలర్జీతో వాచిందట. పాలిప్ అయితే తాటిముంజలా పాలిపోయి మెరుస్తుంది, తాకినా నొప్పి తెలియదు. పిల్లల్లో అరుదు. నిజంగా రెండు వైపులా వస్తే సిస్టిక్ ఫైబ్రోసిస్ అనే పుట్టు జబ్బేమోనని చెమటలో ఉప్పు ఎంతుందో కూడా చూస్తారట. బెజవాడ ఎండల్లో ఉప్పు లేని చెమట ఎవరిదండీ!

తర్వాత నాకు పడ్డాయి చీవాట్లు. దిబ్బడ పోతుందని మందుల షాపులో కొన్న చుక్కలు నెలన్నర వేశాను. వాటిని నాలుగైదు రోజులు మించి వాడితే వాపు తిరగబెడుతుంది. అంటే సగం దిబ్బడ నా చేతిదే. ఈ మాట ఇంట్లో ఇంకా చెప్పలేదు.

ఇప్పుడు స్టిరాయిడ్ స్ప్రే. పేరుకే భయపడ్డాను గానీ ఒంటికి ఎక్కేది చాలా తక్కువట. ముక్కు మధ్య గోడకేసి కాకుండా, అదే వైపు చెవికేసి గురిపెట్టి రోజూ కొట్టాలి. గుణం కనపడ్డానికి రెండు వారాలు పట్టింది.

దుమ్ము పురుగులకు పాత పరుపులు, బొంతలు ఇల్లట. పరుపు మార్చాం. మా అమ్మ చీరలతో కుట్టిన బొంత మాత్రం పారేయలేక, వారం వారం సలసల కాగే నీళ్లలో నానబెట్టి ఉతుకుతున్నాను. రంగు పోతోంది.

నిన్న రాత్రి గురక వినపడక, కంగారుగా లేచి చూశాను. నోరు మూసుకునే పడుకున్నాడు. అత్తయ్యగారు మాత్రం ఇప్పటికీ కండే అంటారు.