టైగర్ స్టేడియం
డెట్రాయిట్‌లో మిషిగన్, ట్రంబుల్ వీధుల కూడలిలో టైగర్స్ బేస్‌బాల్ జట్టు ఆడిన టైగర్ స్టేడియం 1912 ఏప్రిల్ 20న నావిన్ ఫీల్డ్ పేరుతో మొదలైంది. బోస్టన్‌లో ఫెన్‌వే పార్క్ తెరుచుకున్నదీ ఆ రోజే.

అభిమానులు ఎక్కువగా తలుచుకునేది దాని పై అంతస్తునే. దాన్ని మోసే స్తంభాలు కింద కూర్చున్న చాలామందికి అడ్డొచ్చేవి. అయితే ఆ స్తంభాల పుణ్యమా అనే పై సీట్లు మైదానానికి అంత దగ్గరగా ఉండేవి. కుడివైపు ఔట్‌ఫీల్డ్‌లో ఆ అంతస్తు దాదాపు 10 అడుగులు ముందుకు చొచ్చుకొచ్చి, ఫీల్డర్ చేతికి చిక్కాల్సిన బంతులను హోమ్ రన్‌లుగా మార్చేసేది. పిచ్చర్ల గోడు వేరే!

స్టేడియాన్ని కాపాడాలంటూ 1988లో అభిమానులు చేయీ చేయీ కలిపి దాని చుట్టూ నిలబడ్డారు. కొత్త స్టేడియం కట్టడం మాత్రం ఆగలేదు. 1999 సెప్టెంబర్ 27న చివరి మ్యాచ్‌లో రాబర్ట్ ఫిక్ కొట్టిన గ్రాండ్ స్లామ్ పైకప్పుకు తగిలింది. కాన్సస్ సిటీ జట్టుపై టైగర్స్ 8-2తో గెలిచింది. తర్వాత ఆ కట్టడం దాదాపు తొమ్మిదేళ్లు ఊరికే పడి ఉంది. అభిమానులను నిజంగా మండించింది మూసివేత కన్నా ఈ నిర్లక్ష్యమే కావచ్చు. 2009లో కూల్చివేత పూర్తయ్యాక, కలుపు పెరిగిన మైదానాన్ని కొందరు అభిమానులే స్వచ్ఛందంగా శుభ్రం చేసి, గడ్డి కోస్తూ వచ్చారు. 2018లో అక్కడ పిల్లల ఆటల కోసం కొత్త మైదానం తెరిచారు. అందులో పరిచింది కృత్రిమ గడ్డి. పాత అభిమానుల్లో చాలామందికి అది నచ్చలేదు.