"పర్లేదు" అనేది కొలత కాదు

మా ఆవిడ ఆరేళ్ళుగా రుమటాయిడ్ ఆర్థరైటిస్‌కి మందులు వాడుతోంది. మేముండేది ఫరీదాబాద్‌లో. మొదటి మూడేళ్ళూ ఒక క్లినిక్‌లో ప్రతిసారీ జరిగింది ఇదే. డాక్టరు గారు హిందీలో "ఎలా ఉంది?" అని అడిగేవారు. ఈవిడ "ఠీక్ హై జీ" అనేది. మన తెలుగువాళ్ళ "పర్లేదండీ"కి అది హిందీ రూపం. పాత మందులే మళ్ళీ రాసేవారు. పొద్దున్నే గ్లాసు పట్టుకోలేని రోజున కూడా ఆవిడ జవాబు అదే.

ఈ జబ్బుకి ఒక లక్షణం ఉంది. దానంతట అదే పెరుగుతుంది, దానంతట అదే కొంత తగ్గుతుంది. నొప్పి భరించలేనప్పుడే జనం పొడుల వాళ్ళ దగ్గరకి పరుగెత్తుతారు. ఎలాగూ కాస్త తగ్గాల్సిన నొప్పి తగ్గుతుంది, పేరు పొడికొస్తుంది. కీళ్ళవాతాన్ని నయం చేస్తామని ప్రకటించుకోవడాన్ని 1954 నాటి చట్టమే నిషేధించింది. అయినా గోడల మీద ఆ ప్రకటనలు చూస్తూనే ఉన్నాం. మనం నవ్వుతాం. కానీ లెక్క రాయకపోతే, డిగ్రీ ఉన్న డాక్టరు కూడా అదే బుట్టలో పడతాడు కదా? తగ్గింది మందు వల్లనో, జబ్బు తీరు వల్లనో ఆయనకి మాత్రం ఎలా తెలుస్తుంది?

లెక్క కష్టమేమీ కాదు. భుజాలు, మోచేతులు, మణికట్లు, మోకాళ్ళు, చేతివేళ్ళ కీళ్ళు కలిపి 28. వాటిలో నొక్కితే నొప్పి ఉన్నవెన్ని, వాచినవెన్ని అని లెక్కపెట్టాలి. జబ్బు తీవ్రతకి రోగి పదికి ఎంత వేస్తారో, డాక్టరు ఎంత వేస్తారో దానికి కలపాలి. దీన్ని సీడాయ్ స్కోరు అంటారు. రక్తపరీక్ష కూడా అక్కర్లేదు. 22 దాటితే జబ్బు తీవ్రం, 10 లోపు స్వల్పం, 2.8 లోపు అయితే జబ్బు అణిగినట్టే.

ఇలా కొలిస్తే ఒరిగేదేమిటి అంటారా? గ్లాస్గోలో చేసిన ఒక పరిశోధన 2004లో లాన్సెట్‌లో వచ్చింది. అందులో ఒక గుంపుకి మామూలు వైద్యం. రెండో గుంపుని నెలనెలా చూసి, స్కోరు కట్టి, అది తగ్గకపోతే మందు పెంచారు. ఖరీదైన బయలాజిక్ మందులేమీ లేవు. పద్దెనిమిది నెలలకి జబ్బు అణిగినవాళ్ళు మొదటి గుంపులో 16 శాతం, రెండో గుంపులో 65 శాతం! ఖర్చూ పెరగలేదు.

ఇప్పుడు చూస్తున్న డాక్టరు గారు మొదటి రోజే కీళ్ళు లెక్కపెట్టారు. స్కోరు 24. మెతోట్రెక్సేట్ మోతాదు పెంచి, ఇంకో మందు కలిపారు. ఎనిమిది నెలలకి 6కి దిగింది. ఆ రెండు రోజులూ మా ఆవిడ చెప్పింది మాత్రం "ఠీక్ హై జీ" అనే.

"ఓపీలో వందమంది ఉంటే వేళ్ళు లెక్కపెట్టే తీరికెక్కడిది?" అని అడుగుతారు. శిక్షణ ఇస్తే ఆ కీళ్ళ లెక్క నర్సు కూడా చేయగలదు, కొద్ది నిమిషాల పని. ఆసుపత్రులు ఎంతమందిని చూశామో గొప్పగా చెప్పుకుంటాయి. అది చేసిన పని లెక్క, వైద్యం నాణ్యత లెక్క కాదు. ఏడాది తిరిగేసరికి ఎంతమంది స్కోరు 10 లోపుకి వచ్చిందో చెప్పమనండి. మీ ఇంట్లో ఈ జబ్బున్నవాళ్ళుంటే, ఈసారి వెళ్ళినప్పుడు "స్కోరు ఎంతండీ?" అని అడగండి. బాబాలని రుజువులు అడిగే మనకి డాక్టర్లని ఒక అంకె అడగడానికి మొహమాటం ఎందుకు?