రి మ ద ని

ఒక బుధవారం రాత్రి ఒంటిగంటకి మంచం మీంచి ఒక్క గంతు వేసి, "అమ్మా, ఒక్క వేలు జరిపితే చాలట!" అని అరిచాను. అమ్మ కళ్ళు తెరవకుండానే "జరుపు బిడ్డా, నువ్వు గూడ గా పక్కకు జరిగి పండుకో" అంది.

నలభై దాటాక ఇలాంటి పిచ్చి పట్టకూడదు. కానీ పట్టింది.

మాది సిరిసిల్ల. నాన్న మగ్గం పని వెతుక్కుంటూ సూరత్ వచ్చాడు, మేం ఇక్కడే పెరిగాం. ఇప్పుడు ఉండేది పల్సాణా తాలూకా జోల్వాలో. ఇక్కడ గాలి కూడా పాలిస్టర్ దారం వాసనే వేస్తుంది. పగలంతా యార్న్ లెక్కలు రాస్తాను. డెనియర్లు, కార్టన్లు, ఉద్దెర బాకీలు. శనివారం సాయంత్రం మాత్రం మనవాళ్ళ భజనలో హార్మోనియం నాదే. చిన్నప్పుడు సరళీ వరసలు, జంట వరసలు, నాలుగైదు గీతాలు నేర్చుకున్నాను. సంగీతంలో నా ఆస్తి అంతే.

మేనల్లుడు ఉద్యోగం మారుతూ బెంగళూరు నుంచి వచ్చి ఒక కీబోర్డూ, ఒక లావుపాటి పుస్తకమూ మా ఇంట్లో పడేసి పోయాడు. 1989లో వచ్చిన మార్క్ లెవీన్ 'ది జాజ్ పియానో బుక్'. జాజ్ అంటే పెద్ద హోటళ్ళలో సన్నగా వినిపించే సంగీతమని నా లెక్క. అట్ట చూసి పక్కన పెట్టాను. దాని మీద రెండు వారాలు పప్పు డబ్బా కూర్చుంది.

చివరికి తెరిస్తే, మొదటి రెండు అధ్యాయాలు నత్తనడకే. ఆ అయిదు గీతల లిపి నాకు రాదు. ప్రతి చుక్క కిందా పెన్సిల్‌తో స రి గ మ రాసుకున్నాను. తెల్ల మెట్టు 'సి'ని షడ్జం అనుకుంటే తెల్లమెట్లన్నీ శంకరాభరణమే, అక్కడిదాకా ధైర్యం. అసలు కథ మూడో అధ్యాయంలో మొదలైంది.

జాజ్ పాటల్లో మాటిమాటికీ వచ్చే మూడు మెట్ల నడక ఒకటుంది; ఇక్కడ మెట్టంటే కలిపి నొక్కే స్వరాల గుత్తి. స్వరాల్లో చెబుతాను. మొదటిది రి-మ-ద-స. రెండోది ప-ని-రి-మ. మూడోది స-గ-ప-ని, అక్కడికి ఇల్లు చేరినట్టు. నాలుగేసి స్వరాలు ఒకేసారి నొక్కాలంటే నా చెయ్యి గంతులేసేది. లెవీన్ ఏమంటాడంటే, నాలుగూ వద్దు, మూడు చాలు. ఎడమచేత్తో అడుగుస్వరం, కుడిచేత్తో రెండే. ఆ రెండేవంటే, మొదటి మెట్టులో మ, స. రెండోదానిలో మ, ని. మూడోదానిలో గ, ని.

ఆగి చూడండి. మ-స నుంచి మ-ని కి పోవాలంటే మ ఉన్నచోటే ఉంటుంది. స ఒక్కటే పక్క మెట్టుకు దిగుతుంది. తరవాత ని కదలదు, మ ఒక్కటే గ లోకి దిగుతుంది. అంతే! బుధవారం నా అరుపు ఇందుకే. ఎడమచెయ్యి రి, ప, స అని దూకుతూ ఉంటే కుడిచెయ్యి దాదాపు నిద్రపోతూ ఉంటుంది. ఆ నిద్రలోంచి వచ్చే మెత్తదనాన్ని నేను ఎన్నో పాత సినిమా పాటల్లో విన్నాను. పేరు తెలియక "ఆ ఏదో మలుపు" అనుకునేవాణ్ణి. అది ఆ పాటల్లో ఉండటానికి కారణం ఉంది. బొంబాయి సినిమా ఆర్కెస్ట్రాల నిండా జాజ్ వాయించిన గోవా వాద్యకారులే. 1951 'అల్బేలా' సినిమా కాలంలో సంగీత దర్శకుడు సి. రామచంద్రకు సహాయకుడిగా పనిచేసిన చిక్ చాకొలేట్ ట్రంపెట్ వాద్యకారుడు. రైలెక్కితే కొన్ని గంటల్లో చేరే ఊళ్ళో తయారైన సరుకు, నా చేతికి మాత్రం అమెరికా పుస్తకంలో దొరికింది.

ఈ సందులో మేనల్లుడు ఫోన్ చేసి "మామా, ఏబర్‌సోల్డ్ పట్టు" అన్నాడు. జేమీ ఏబర్‌సోల్డ్ అని ఇండియానా రాష్ట్రపు మాస్టారు. 1967 నుంచి పుస్తకంతోపాటు రికార్డు కూడా ఇచ్చే పాఠాలు వరసగా వేశాడు. మూడో సంపుటం పూర్తిగా నేను చెప్పిన ఆ మూడు మెట్ల మీదే. అందులో ఉన్న తమాషా వింటే మీరూ గంతేస్తారు. ఒక చెవి వైపు బాసూ డ్రమ్సూ, రెండో చెవి వైపు పియానో డ్రమ్సూ. కుడి చెవిలోంచి ఇయర్‌ఫోన్ ఊడబెరికాను, పియానో ఆయన మాయం! బాసాయన, డ్రమ్సాయన ఖాళీ కుర్చీ చూపించి "రా అన్నా, కూసో" అన్నట్టుంది. కూర్చున్నాను. మూడో చుట్టుకి దారి తప్పాను. వాళ్ళు ఆగలేదు. నా తప్పుకి మొహం చిట్లించని వాద్యకారులు జీవితంలో వీళ్ళే.

ఇరవై ఏళ్ళుగా నేను వాయించిందేమిటో అప్పుడు తెలిసొచ్చింది. భజనలో పాడేవాళ్ళు ఏ స్వరం పాడితే నా వేలు ఆ స్వరం మీద. వాళ్ళు సాగదీస్తే నేనూ సాగదీత. పక్కవాద్యం అంటే నీడలా వెంటపడటం అనుకున్నాను. ఇక్కడ అలా కాదు. పాటని అస్సలు ముట్టుకోకూడదు. పాట కింద నేలని మార్చాలి. అదీ ఎడాపెడా కాదు, నాలుగు దెబ్బల్లో రెండుసార్లు తాకితే ఎక్కువ. ఒకటో దెబ్బ మీద ఒకటి, రెండోదీ మూడోదీ మధ్య ఇంకొకటి. మిగతాదంతా ఖాళీ. ఆ ఖాళీ నిలపడమే కష్టం. చేతులు ఊరుకోవు. కుడిచేతిని తొడ కింద పెట్టుకుని కూర్చున్న రోజులున్నాయి. ఈ ఖాళీకి పడుగూ పేకా పోలిక తెద్దామనుకున్నాను. కానీ సూరత్‌లో పెళ్ళి నుంచి రాజకీయం దాకా ప్రతివాడూ అదే పోలిక తెస్తాడు, వదిలేద్దాం.

సొంతంగా అల్లి వాయించడం సంగతి అడక్కండి. మన కల్పనస్వరంలో రాగం ఒక్కటే ఇల్లు, అందులో ఎన్ని గదులైనా తిరగొచ్చు. పాలకొల్లు పిల్లాడు మాండొలిన్ శ్రీనివాస్ 1983లో, పద్నాలుగేళ్ళ వయసులో బెర్లిన్ జాజ్ ఉత్సవంలో వాయించాడంటే ఆ ఒక్క ఇంటి బలంతోనే. జాజ్‌లో మీరు గదిలో ఉండగానే ఇల్లు మారిపోతుంది. 1959 నాటి జాజ్ ఆల్బమ్ 'కైండ్ ఆఫ్ బ్లూ'లో మొదటి పాట 'సో వాట్' విన్నాను. పదహారు ఆవర్తాలు ఖరహరప్రియ స్వరాలు, తరవాత ఎనిమిది అవే స్వరాలు ఒక అరస్వరం పైన, మళ్ళీ ఎనిమిది కిందికి. షడ్జమే లేచి నడుస్తోంది! శ్రుతి కదిపితే మా మాస్టారు వేళ్ళ మీద కొట్టేవారు. ఇక్కడ దాని కోసం మనుషులు చప్పట్లు కొడతారు.

ఇక లెవీన్ పుస్తకంలో ఆరో అధ్యాయం. బుధవారం నాటి అరుపుకంటే పెద్ద అరుపు దీనిదే, అమ్మ ఊళ్ళో లేదు కాబట్టి సరిపోయింది.

ఆ మూడు మెట్ల నడకలో మధ్య మెట్టులో మనం నొక్కే జత మ-ని. మ నుంచి ని కి ఆరు అరస్వరాలు. ని నుంచి పై మ కి మళ్ళీ ఆరే. స్థాయి పన్నెండులో సరిగ్గా సగం. అందుకని ఈ జత కింద అడుగుస్వరం ప ఉన్నా ఒప్పుకుంటుంది, దానికి సరిగ్గా ఎదురుగా ఉన్న చిన్న రి ఉన్నా ఒప్పుకుంటుంది. అంటే ప-ని-రి-మ తీసేసి ఆ చోట శుద్ధ రిషభం మీద కట్టిన మెట్టు పెట్టొచ్చు. జాజ్ వాళ్ళకి ఇది మహా ఘాటైన మసాలా. నేను పెన్సిల్ తీసి అలవాటుగా ఆ చుక్కల కింద స్వరాలు రాశాను. చిన్న రి. మ. చిన్న ద. పెద్ద ని.

చూశాను. మళ్ళీ చూశాను.

ఇది మాయామాళవగౌళ కదా! పురందరదాసు వేసిన బాటలో మనం పలక మీద ఓనమాల్లా దిద్దుకునే మొట్టమొదటి రాగం. రి మ ద ని, అక్కడి నుంచి స గ ప ని. ఒక్క స్వరం కూడా రాగం బయటిది లేదు. పైగా మామూలుగా వాయించే ప-ని-రి-మ లోనే పరాయి రిషభం ఉంది, అదే ఈ రాగానికి తప్పు. ఎనిమిదేళ్ళప్పుడు నోరు తిరిగేదాకా పాడిన స రి గ మ ప ద ని స లో ఈ మసాలా దినుసులన్నీ ఇన్నాళ్ళూ మూట విప్పకుండా పడున్నాయి. ఒకదాని తరవాత ఒకటి పాడామే గానీ నాలుగూ ఒకేసారి నొక్కి చూడమని ఎవరూ చెప్పలేదు.

మొన్న శనివారం, మా భజనలో పాడే మామ మాయామాళవగౌళలోనే ఒక పాట ఎత్తుకున్నాడు. ఆయన శ్రుతి రెండున్నర. నాకీ విద్య వచ్చింది ఒకటి శ్రుతిలో మాత్రమే. ఆ రోజు హార్మోనియం బదులు కీబోర్డు తీసుకెళ్ళాను కాబట్టి, సిగ్గు విడిచి దాని మీద శ్రుతి మార్చే బటన్ మూడుసార్లు నొక్కాను. పాటంతా బుద్ధిగా ఉన్నాను. ఆఖరి పల్లవి ఆఖరి స కి ముందు ఒక్కసారి రి మ ద ని వేసి, స గ ప ని లోకి దిగాను. ఢోలక్ కుర్రాడు తలెత్తాడు. మామ కళ్ళు మూసుకునే ఉన్నాడు గానీ ఆ షడ్జాన్ని ఎప్పటికంటే కొంచెం ఎక్కువసేపు పట్టుకున్నాడు.

హారతి అయ్యాక పిలిచాడు. "ఏమిరా, చివర్ల ఏదో చేసినవ్?"

"రి మ ద ని మామా."

"అవి రాగంల ఉన్నయే గద."

"ఉన్నయే మామా."

"మరి గట్లెందుకినిపిచ్చింది?" అని ప్రసాదం నా చేతిలో పెట్టి, "వచ్చే వారం రెండుసార్లు వెయ్" అన్నాడు.

ఈసారి బటన్ నొక్కకుండా రెండున్నరలోనే వెయ్యాలని పంతం. నాలుగు రాత్రులున్నాయి. అమ్మ ఊరి నుంచి తిరిగొచ్చింది, చెవుల్లో దూది కూడా పెట్టుకుంది.