పునశ్చరణ వేళలు
పరీక్షలు సమీపించినంతనే, ఇంటర్మీడియట్ వసతిగృహములలో తెల్లవారుజామున గంట మ్రోగినది మొదలు అర్ధరాత్రి దీపము లార్పువఱకు పిల్లలు పుస్తకములకు కట్టువడియుండుటయు, ఎన్ని గంటలు చదివితివని తల్లిదండ్రులు ప్రశ్నించుటయే గాని ఏమి నిలిచినదని యడుగకుండుటయు నాకెప్పుడును వింతగనే తోచును. జర్మను మనశ్శాస్త్రజ్ఞుడు ఎబ్బింగ్‌హౌస్ అర్థరహితములైన అక్షరములను వరుసలుగా కూర్చి, తానే వల్లించి, తన్ను తానే పరీక్షించుకొని, ఒక్కనాడు చేసిన 68 ఆవృత్తుల ఫలమును మూడు దినములకు పంచిన 38 ఆవృత్తులే యొసగునని 1885లో ప్రకటించెను. అనగా తక్కిన ముప్పదియు వృథాశ్రమయే! మన వేదపాఠశాలలలోనో, పదము, క్రమము, జట, ఘనము అని యొకే మంత్రమును పలు తెఱగుల త్రిప్పి చెప్పించుటయు, పాడ్యమి, అష్టమి వంటి తిథులయందు అనధ్యయనము పాటించుటయు కలదు. హేతువు వారు వేఱుగా చెప్పియుండవచ్చును గాని, విరామము విలువ యెఱుగని పెద్దలు వారని యనుటకు నాకు మనసొప్పదు. నేటి కాలపట్టికలో ఆదివారమునకైనను ఆ గౌరవము లేదు. ఇక చదువు తీరునకు వచ్చినచో, పది గంటలు పుట తిరుగవేయుట కంటె, గంటసేపు పుస్తకము మూసి జ్ఞప్తికి తెచ్చుకొనుటయే కష్టతరము. అందులకే కాబోలు, దాని నెవ్వరును కోరరు. తల్లిదండ్రులారా, గంటల లెక్క యడుగుట మాని, నేర్చినది చెప్పుమని యడుగుడు. రాత్రి పదింటికి పిల్లలను నిద్రింపనిండు.