నెలకో దారి పట్టాం!

మాది కర్నూలు. వేసవి సెలవులు రాగానే ఊటీ, కొడైకెనాల్ అంటూ ఫోన్లో వెతకడం, రూముల రేట్లు చూసి నోరు మూసుకోవడం మా ఇంట్లో ఏటా జరిగే తంతే. పోయినేడాది జూన్‌లో మా పాప తొమ్మిదో తరగతిలోకి వచ్చింది. ఆపైన టెన్త్, ఆ తర్వాత ఇంటర్ అంటే హాస్టలే. ఇంటిల్లిపాదీ కలిసి తిరగడానికి ఇక మిగిలింది ఈ ఒక్క సంవత్సరమే అని ఒకరోజు రాత్రి భోజనాల దగ్గర మావారు అన్నారు. అందరం కాసేపు ఊరుకున్నాం.

అప్పుడు మా మామగారు కల్పించుకున్నారు. "ఊటీలు గీటీలు ఎందుకమ్మా? చుట్టూరా ఉండేదే సగం చూళ్లేదు మీరు. నెలకొక తావుకు పోదాం. ఏ నెలలో యాడికి పోవల్లో నేను చెప్తా."

మామయ్యకి అరవై ఎనిమిదేళ్లు. మోకాళ్ల నొప్పులున్నా నడక మానని మనిషి. అలా మొదలైంది మా ఏడాది ప్రయాణం. షరతులు మూడే. నెలకొక్క ఆదివారం, తెల్లవారుజామున ఐదింటికి బయల్దేరి రాత్రికి ఇల్లు చేరాలి. తిండి ఇంటి నుంచే. ఫోన్లు కారు డాష్‌బోర్డులో. మా ఐదో తరగతి బాబు మూడో షరతు వినగానే ముఖం ముడుచుకున్నాడు కానీ, జొన్నరొట్టెల్లోకి చెనిక్కాయల పొడి ఉందంటే సర్దుకున్నాడు.

జూలైలో బెలుం గుహలకి వెళ్లాం. ఈ గుహల గురించి 1884లోనే రాబర్ట్ బ్రూస్ ఫుట్ రాశాడు. దాదాపు వందేళ్ల తర్వాత, 1982 నుంచి 84 మధ్య, జర్మనీ వాళ్ల బృందమొకటి లోపలికంటా దిగి కొలిచింది. మొత్తం పొడవు 3,229 మీటర్లు. అందులో మనల్ని తిరగనిచ్చేది దాదాపు కిలోమీటరున్నర. బయట చినుకులు, లోపల ఉక్కపోత! పది నిమిషాలకే చొక్కాలు తడిసిపోయాయి. అన్నిటికన్నా లోతున ఉన్న పాతాళగంగ దగ్గర నీళ్లు ఎక్కడి నుంచో వచ్చి రాళ్లలోకి మాయమవుతున్నాయి. "ఈ నీళ్లు ఎక్కడికి పోతాయి తాతా?" అని బాబు అడిగితే, "మన కంటికి కనపడకపోతే లేనట్టా నాయనా?" అన్నారు మామయ్య. ఆ మాట అప్పుడు నేను పెద్దగా పట్టించుకోలేదు.

ఆగస్టులో పైనుంచి వరదొచ్చి శ్రీశైలం గేట్లు ఎత్తారని టీవీలో చూశాం. ఆ ఆదివారమే ఆత్మకూరు, దోర్నాల మీదుగా నల్లమల అడవిలోంచి వెళ్లాం. ఇది పులుల అభయారణ్యం. రాత్రి తొమ్మిది దాటితే దోర్నాల దారిలో బండ్లను వదలరు. వెళ్లేవాళ్లు వేళ చూసుకోవాలి. డ్యాం దగ్గర నీళ్లు దూకుతుంటే ఆ తుంపర వ్యూ పాయింట్ దాకా వచ్చి ముఖాన పడుతోంది. జనమంతా సెల్ఫీల హడావిడిలో ఉన్నారు. మామయ్య మాత్రం డ్యాం కిందికి కాక పైవైపు, నిండుగా ఉన్న జలాశయం కేసి చూస్తున్నారు. పూర్తి నీటిమట్టం 885 అడుగులు. మెల్లగా పాపతో అన్నారు: "అమ్మీ, ఎగువన ఈ నీళ్ల కిందనే మా ఊరుండేది."

పెళ్లయి పదహారేళ్లయింది నాకు. మామయ్యది ముంపు ఊరని తెలుసు. కానీ ఆ ఊరి గురించి ఆయన నోట అంతకు ముందు ఒక్క మాటా వినలేదు. పాప మాత్రం దారి పొడుగునా అడుగుతూనే వచ్చింది. ఊరెంత పెద్దది, బడి ఉండేదా, నువ్వు ఎక్కడ ఈత కొట్టేవాడివి... ఆయన ఓపిగ్గా అన్నిటికీ జవాబు చెప్పారు. ఆఖర్న పాప, "చూడొచ్చా?" అంది. "ఎండాకాలం రానీ. నీళ్లు తగ్గితే పోదాం" అన్నారు.

అక్టోబరులో చేపల వేట. మా బంధువుల ఊళ్లో చెరువు నిండింది. చేపలు సొసైటీ వాళ్లవి కాబట్టి ముందు వాళ్లని అడిగాం. గాలాలే కదా, పట్టుకోండి అన్నారు. గట్టు కింది తడి మన్నులో వానపాములు తవ్వించారు మామయ్య. వెదురు బెత్తానికి నైలాన్ దారం, దాని మీద జొన్నదంటు ముక్క బెండుగా కట్టారు. బెండు వణికితే చేప రుచి చూస్తోందని, మునిగితే మింగిందని లెక్క. వణికినప్పుడు లాగితే ఎర పోతుంది, మునిగాక ఆలస్యం చేస్తే చేప పోతుంది. మా బాబు అంతసేపు మాట్లాడకుండా కూర్చోవడం నేను చూడటం అదే మొదలు. రెండు గంటలకి నాలుగు పరిగెలు, ఒక జెల్ల పడ్డాయి. జెల్ల మొప్పల పక్క ముల్లు గుచ్చుకుంటే చెయ్యి వాస్తుందని, దాన్ని ఎలా పట్టుకోవాలో మామయ్యే చేసి చూపించారు. ఆ రాత్రి పులుసు అందరికీ చాల్లేదు. అయినా ఆ రుచి ఇప్పటికీ నాలుక మీదుంది.

నవంబరులో అహోబిలం. వానలు వెనకబట్టి, భవనాశి వాగులో నీళ్లు ఇంకా పారుతుండే నెల అది. ఎగువ అహోబిలం నుంచి జ్వాలా నరసింహుడి గుడి దాకా రాళ్లు పట్టుకుని, వాగు దాటుకుంటూ ఎక్కాలి. కింద చేతికర్రలు అద్దెకిస్తారు. మొహమాటపడకుండా తీసుకోండి. మామయ్య సగం దాకా వచ్చి ఒక బండ మీద కూర్చుండిపోయారు. పాప కూడా ఆయనతో ఆగిపోయింది. మేం పైకెళ్లి దిగి వచ్చేసరికి ఆయన చెప్తుంటే పాప నోటుపుస్తకంలో వాళ్ల ఊరి పటం గీస్తోంది. గుడి, బావి, రచ్చకట్ట, చింతచెట్లు.

డిసెంబరులో రోళ్లపాడు వెళ్లాం. బట్టమేక పక్షి కోసమని 1988లో ప్రకటించిన అభయారణ్యం ఇది. చలికాలపు పొద్దున గడ్డిమైదానం మీద కృష్ణజింకలు చెంగుచెంగున దూకుతుంటే చూడాల్సిందే. సాయంత్రమైతే ఎక్కడెక్కడి నుంచో వలస వచ్చిన గద్దలు రాత్రి పడకకి గడ్డిలోకి దిగుతాయి. చూడనిది బట్టమేకనే. కొన్నేళ్లుగా అక్కడ ఆ పక్షి కనపడటమే గగనమైంది. "మేం చిన్నప్పుడు చేలల్లో తిరుగుతుండె" అన్నారు మామయ్య. ఏ చోటికైనా ఒక నెల ఉంటుంది, ఆ నెల వచ్చేదాకా ఆగితే చాలు అనుకుంటూ వచ్చాన్నేను. ఎంత ఆగినా తిరిగి రానివి కూడా ఉంటాయని రోళ్లపాడులో అర్థమైంది.

మధ్య నెలల్లో ఓర్వకల్లు రాళ్లు, యాగంటి, అలంపురం చూశాం. అలంపురంలో నవబ్రహ్మ ఆలయాలతో పాటు కూడలి సంగమేశ్వరాలయాన్నీ చూడండి. శ్రీశైలం ముంపులో పోకుండా రాయి రాయి విప్పి తెచ్చి అక్కడ తిరిగి కట్టిన గుడి అది. మామయ్య ఆ గోడని చేత్తో తడిమి, "గుడిని తెచ్చుకున్నారు, మంచిదే" అన్నారు. అంతకుమించి ఏమీ అనలేదు.

ఏప్రిల్లో నీళ్లు తగ్గాయి. నందికొట్కూరు మీదుగా సప్తనదీ సంగమేశ్వరం వెళ్లాం. ఏటా కొన్ని నెలలు జలాశయంలో మునిగి ఉండి, ఎండాకాలానికి బయటపడే గుడి. లోపలి శివలింగం వేపమొద్దు. ధర్మరాజు ప్రతిష్ఠించాడని చెప్తారు. ఇన్నేళ్లు నీళ్లలో నానిన కొయ్య ఇంకా గట్టిగానే ఉంది. ఒడ్డున గుడిసెలు వేసుకున్న జాలర్లు ఉత్తరాంధ్ర యాసలో మాట్లాడుతున్నారు. చేపల కోసం అంత దూరం నుంచి వచ్చి ఇక్కడే నెలల తరబడి ఉంటారట. మనం ఒక్క రోజు తిరిగొస్తేనే గొప్పగా చెప్పుకుంటాం!

అక్కడి నుంచి మామయ్య ఊరికి. ఊరంటే ఏముంది, పగుళ్లిచ్చిన ఒండ్రునేల. నీళ్లు తగ్గిన మేరకు రైతులు అక్కడక్కడా పైరు వేసుకున్నారు. 1981 వేసవిలో ఊరు ఖాళీ చేసేనాటికి ఆయనకి పాతికేళ్లు కూడా లేవు. మోకాళ్ల నొప్పి మాటే మర్చిపోయి ముందు నడుస్తున్నారు. పాప పటం పట్టుకుని వెనకే. ఒకచోట ఆగి కాలితో మట్టి తీశారు. రాతి ఒర, గుండ్రంగా. "బావి" అంది పాప. "ఆ. దీనికి తూర్పున ఇరవై అడుగులేస్తే మా గడప" అన్నారాయన. పాప లెక్కపెడుతూ ఇరవై అడుగులు వేసింది. అక్కడ పెంకుముక్కలు, ఒక సగం రోలు కనపడ్డాయి. మామయ్య రోలు పక్కన కూర్చుని, "మా అమ్మ ఈడనే కారం దంచేది" అన్నారు. మావారు అటు తిరిగి కళ్లు తుడుచుకోవడం చూశాను. తండ్రి పుట్టిన ఇంటిని ఆయన చూడటం కూడా అదే మొదటిసారి.

ఇలా తిరగాలనుకునేవాళ్లకి ఒక్కటే చెప్తాను. ఇంట్లో పెద్దవాళ్లుంటే దారి వాళ్లనే చెప్పనివ్వండి. మ్యాపులో దొరకని ఊళ్లు వాళ్ల దగ్గర ఉంటాయి.

ఇప్పుడు పాప టెన్త్. ఆదివారాలు కూడా స్పెషల్ క్లాసులే. అయినా తన పుస్తకాల అల్మారా తలుపు మీద పన్నెండు నెలల కాగితం అతికించుకుంది. దాంట్లో జూలై గడి మాత్రం మామయ్య చేతిరాత. 'నీళ్లు వచ్చేటప్పుడు ఊరు చూడవల్ల' అని రాశారు. స్కూల్లో ఆ ఒక్క ఆదివారానికి సెలవు అడగాలి.